సముద్రం ఒడ్డున జపాన్ ర్యోకాన్‌లో బస: అపోహలు - వాస్తవాలు

ఇజు ద్వీపకల్పం తూర్పు తీరంలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక ర్యోకాన్‌లో పనిచేస్తున్నాను. తాతామి చాపలు పరిచిన గదులు, రెండు పూటల భోజనం, వేడినీటి ఊట స్నానాలు ఉండే సంప్రదాయ జపాన్ బసనే ర్యోకాన్ అంటారు. టోక్యో నుంచి ఆతామి దాకా షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో ముప్పావు గంట, అక్కడి నుంచి తీరం వెంబడి లోకల్ రైలు. టోక్యోలోని నిషి-కసాయిలో ఉండే మనవాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఇటు తీసుకొస్తుంటారు. బుకింగ్‌కి ముందు ఫోన్ చేసి తెలుగులో అడిగేవాళ్ల టెన్షన్ అంతా స్నానం గురించే. వచ్చాక ఇబ్బంది పడేది మాత్రం భోజనం దగ్గర, టైము దగ్గర.

అపోహ: ఆడా మగా కలిసి, బట్టల్లేకుండా స్నానం చేయాలి.

బట్టల్లేకుండా అన్నది నిజమే. స్విమ్‌సూట్‌తో దిగనివ్వరు. కలిసి స్నానం చేసే చోట్లు మాత్రం ఇప్పుడు చాలా అరుదు. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరు గుమ్మాలు ఉంటాయి. మామూలుగా మగవాళ్ల వైపు నీలం తెర, ఆడవాళ్ల వైపు ఎరుపు తెర వేలాడుతుంది. సముద్రం బాగా కనిపించే తొట్టి అందరికీ దక్కాలని చాలా ర్యోకాన్లలో రాత్రికీ పొద్దుటికీ ఈ తెరలు మారుస్తారు. నిన్న వెళ్లిన గుమ్మమే కదా అని నిద్రమత్తులో నడిచిపోకండి, ప్రతిసారీ తెర చూసుకోండి. పిల్లల విషయంలోనూ రూల్ మారింది. ఏడేళ్లు వచ్చిన పిల్లల్ని ఆడా మగా కలిపి స్నానానికి పంపొద్దని 2020 చివర్లో జపాన్ ఆరోగ్య శాఖ సూచించింది. డైపర్ వయసు పిల్లల్ని చాలాచోట్ల పెద్ద తొట్టిలోకి రానివ్వరు.

మొహమాటం పోనివాళ్లకు కాషికిరి ఉంది. అంటే తొట్టి మొత్తాన్ని ముప్పావు గంటకో, గంటకో మీ కుటుంబానికే ఇస్తారు. లోపల గడియ పెట్టుకోవచ్చు. బాల్కనీలోనే సొంత తొట్టి ఉన్న గదులూ ఉంటాయి. అత్తాకోడళ్లు కలిసి వచ్చే ఇళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

మనవాళ్లు తడబడేది ఇంకో చోట. మనం నిలబడి చెంబుతో పోసుకుంటాం. ఇక్కడ చిన్న పీట మీద కూర్చునే ఒళ్లు రుద్దుకోవాలి. నిలబడితే నీళ్లు పక్కవాళ్ల మీద పడతాయి. సబ్బు నురగంతా పోయేదాకా కడుక్కుని, పీటనూ ఒకసారి కడిగిపెట్టి, జుట్టు ముడేసుకుని అప్పుడు తొట్టిలోకి దిగాలి. చిన్న తువ్వాలు నీళ్లలో ముంచకూడదు. మడిచి తలమీద పెట్టుకుంటారు. ఈ వరస తెలిస్తే మిమ్మల్ని ఎవరూ తలెత్తి చూడరు, నా మాట నమ్మండి.

అపోహ: తొట్టిలో ఉండేది కాచిన సముద్రపు నీరే.

కాదు. కానీ సముద్రానికి సంబంధం లేదనీ చెప్పలేం. తీరప్రాంతాల్లో ఉప్పునీరు నేలలోకి ఇంకి, లోపలి వేడికి కాగి, ఊటలో కలుస్తుంది. అందుకే మా దగ్గర నీరు పెదవికి తగిలితే ఉప్పగా ఉంటుంది. ఆతామి వైపు చాలా ఊటలు చెయ్యి పెట్టలేనంత వేడిగా పైకొస్తాయి. వాటిని చల్లార్చి 40-42 డిగ్రీలకు తెస్తారు.

ఏ నీటిని ఓన్‌సెన్ (వేడినీటి ఊట) అనాలో చెప్పే చట్టం ఒకటి ఉంది. 1948 నాటి చట్టం ప్రకారం నేలలోంచి వచ్చే నీరు కనీసం 25 డిగ్రీలు ఉండాలి, లేదా జాబితాలో ఉన్న 19 పదార్థాల్లో ఒక్కటైనా నిర్ణీత మోతాదులో ఉండాలి. అప్పుడే దాన్ని ఓన్‌సెన్ అనాలి. అంటే చల్లటి నీళ్లను కాచినా అది ఓన్‌సెన్ కావచ్చు. 2004లో నగానోలో పేరున్న ఒక ఊట దగ్గర నీళ్లు పాలలా కనిపించడానికి స్నానపు పొడి కలుపుతున్నారని బయటపడి పెద్ద గొడవైంది. ఆ మరుసటి ఏడాది నుంచి నీళ్లు కలిపినా, వేడిచేసినా, వడకట్టి మళ్లీ తిప్పినా, క్లోరిన్ లాంటివి వేసినా ఆ సంగతి రాసి పెట్టి తీరాలి. బట్టలు మార్చుకునే గదిలో గోడ మీద ఉండే పత్రాలు అవే. ఫోన్ కెమెరా స్నానం గది దాకా తీసుకురాకూడదు కాబట్టి, ఏముందో రిసెప్షన్‌లో అడగండి. మేం సంతోషంగా చెబుతాం.

ఉప్పు ఊట గుణం ఏంటంటే, ఒంటి మీద పలచగా ఉప్పు పొర మిగిలి చెమట త్వరగా ఆరనివ్వదు. బయటికి వచ్చాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంటుంది. కాబట్టి డబ్బులిచ్చాం కదా అని అరగంట కూర్చోవద్దు. ఐదు పది నిమిషాలు చాలు, కావాలంటే మళ్లీ రావచ్చు. చర్మం సున్నితమైతే చివర్లో మంచినీళ్లు పోసుకోండి. గంధకం ఊటల్లో వెండి నల్లబడుతుంది. కుసత్సు లాంటి చోటికి వెళ్తే మెట్టెలు, పట్టీలు తీసి దిగండి.

అపోహ: గర్భిణులు దిగకూడదు.

ఒకప్పుడు నిషేధ జాబితాలో ఉండేది. 2014లో పర్యావరణ శాఖ తీసేసింది. నేల జారుతుంది, మరీ వేడి నీళ్లు వద్దు, డాక్టర్‌ని ఒక మాట అడగండి, అంతే. నిజంగా ప్రమాదం ఎక్కడంటే, భోజనంలో సాకే (బియ్యం మద్యం) తాగి వెంటనే తొట్టిలోకి దిగడంలో. గుండె జబ్బు, బీపీ ఉన్న పెద్దవాళ్లను ఒంటరిగా పంపొద్దు.

అపోహ: "చేపలు తినం" అని రాస్తే శాకాహారం పెడతారు.

ఇది ఎన్ని కుటుంబాలను ఆకలితో పడుకోబెట్టిందో! ఆ మాట చూసి వంటవాళ్లు చేప ముక్కలు తీసేస్తారు. దాషి అలాగే ఉంటుంది. ఎండబెట్టి పొగబెట్టిన కత్సువో చేపను సన్నగా చెక్కి మరిగించిన రసం అది. మిసో సూప్‌లో, ఉడికించిన కూరగాయల్లో, తెంపురా బజ్జీలు ముంచుకునే పులుసులో, చివరికి పాలకూర మీద చల్లే చెక్కుల్లోనూ ఆ చేపే. కంటికి కనిపించదు కాబట్టి మనవాళ్లు తినేసి, తర్వాత తెలిసి బాధపడతారు. సముద్రపు నాచు కొంబుతో, షియిటాకే పుట్టగొడుగులతో చేసే దాషి ఉంది. కానీ అది వేరే గిన్నెలో, వేరే వంటగా మొదలుపెట్టాలి. కాబట్టి బుకింగ్ సమయంలోనే "కత్సువో దాషి కూడా తినం" అని స్పష్టంగా రాయండి. గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి సంగతీ అక్కడే చెప్పండి. కొన్ని ర్యోకాన్లు మావల్ల కాదంటాయి. అలా ముందే చెప్పేవాళ్లే నయం. ఆవకాయ తెచ్చుకుంటే భోజనాల హాల్లో తీయడానికి ముందు అడగండి. ఫుడ్ పాయిజనింగ్ భయంతో బయటి తిండి వద్దనే చోట్లు చాలా ఉన్నాయి.

అపోహ: రేటు మరీ ఎక్కువ, చెకిన్ ఎప్పుడైనా చేయొచ్చు.

ఇక్కడ లెక్క గదికి కాదు, మనిషికి. అందులో రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్ కలిసే ఉంటాయి. స్నానపు పన్ను విడిగా, చాలాచోట్ల మనిషికి 150 యెన్లు. టిప్ అక్కర్లేదు. చెకిన్ సాధారణంగా మధ్యాహ్నం 3కి, భోజనం 6 గంటల ప్రాంతంలో. ఒక్కో వంటకం వేడివేడిగా వరసగా వస్తుంది. తొమ్మిదింటికి వస్తే ఆ భోజనం పోయినట్టే, డబ్బూ తిరిగి రాదు. టోక్యో చూసేసి సాయంత్రం బయల్దేరే ప్లాన్ వేయకండి.

పచ్చబొట్లు: మన అమ్మమ్మల ముంజేతి మీద పచ్చబొట్లు ఉంటాయి. ఇక్కడ వాటిని యాకుజా నేర ముఠాలతో ముడిపెట్టి చూసే అలవాటు ఇంకా పోలేదు. కప్పే స్టిక్కర్‌తో ఒప్పుకునేవాళ్లు ఉన్నారు, లేదంటే కాషికిరి. ముందే చెబితే గుమ్మం దగ్గర పెద్దావిడ మనసు కష్టపెట్టే పని ఎవరికీ ఉండదు.

అపోహ: సునామీ వస్తే హోటల్ వాళ్లే చూసుకుంటారు.

మేం మైకులో చెబుతాం, దారి చూపిస్తాం. కానీ 2024 జనవరి 1న నోతో భూకంపంలో వకురా తీరంలోని ర్యోకాన్లు ఎలా దెబ్బతిన్నాయో చూశాక, అతిథులకు నేను మ్యాప్ చేతికిచ్చి ఊరుకోవడం లేదు. గది తలుపు వెనుక తప్పించుకునే దారి బొమ్మ ఉంటుంది. వెలుతురు ఉండగానే ఆ దారిలో కొండ మెట్ల దాకా ఒకసారి నడిచి రండి. నేల చాలాసేపు ఊగితే సైరన్ కోసం ఆగకుండా, సూట్‌కేసు వదిలేసి, ఒంటిమీదున్న యుకాతా (పలచటి నూలు అంగీ)తోనే పైకి ఎక్కేయండి.