రోడ్డు పడ్డాక జంతువులు ఎటు పోతాయి?

అడవి గుండా రోడ్డు వేస్తే జంతువులకు ఏమవుతుందన్న ప్రశ్న చాలాకాలం డ్రైవర్ల భద్రత గురించే నడిచింది. జింక అడ్డొస్తే కారు ఏమవుతుంది, ప్రమాదాలు ఎలా తగ్గించాలి? అందుకే మొదటి పరిష్కారం హెచ్చరిక బోర్డు. పని జరిగే చోట చిక్కిన జంతువును పట్టి, దూరంగా మరో అడవిలో వదలడం ఇంకో పరిష్కారం. ఫైల్లో ఇది బాగానే ఉంటుంది. కానీ వదిలిన చోట అప్పటికే వేరే జంతువుల హద్దులు ఉంటాయి. చాలా జంతువులు పాత చోటు వెతుక్కుంటూ వెనక్కి బయల్దేరతాయి, మళ్లీ అదే రోడ్డు మీదికి.

జంతువును తరలించే బదులు దానికి దారి వదలాలన్న ఆలోచన ఐరోపాలో మొదలైంది. 1950ల్లో ఫ్రాన్స్‌లో జంతువుల కోసం వంతెనలు కట్టారు. తర్వాత నెదర్లాండ్స్‌లో బ్యాడ్జర్ల (బొరియల్లో ఉండే చిన్న జంతువుల) కోసం రోడ్డు కింద గొట్టాలు వేశారు.

అసలు పాఠాలు నేర్పింది మాత్రం కెనడాలోని బాన్ఫ్ నేషనల్ పార్క్. 1980ల నుంచి అక్కడ ట్రాన్స్-కెనడా హైవేని నాలుగు లేన్లు చేస్తూ, పక్కనే 2.4 మీటర్ల ఎత్తు కంచె వేసి, రోడ్డు కింద దారులు వదిలారు. కంచె కింద మట్టి తవ్వి దూరే జంతువులు ఉండటంతో తర్వాతి దశల్లో జాలీని భూమిలోకి కూడా దించారు. పొరపాటున రోడ్డు వైపు చిక్కుకున్నవి బయటికి దూకేందుకు మట్టి దిబ్బలు పోశారు. అడవి వైపు నుంచి చూస్తే అది నిటారు గోడే, కాబట్టి ఎక్కి రాలేవు. 1990ల్లో 50 మీటర్ల వెడల్పు వంతెనలు వచ్చాయి. గ్రిజ్లీ ఎలుగులు వాటికి అలవాటు పడటానికి ఏళ్లు పట్టింది. మొదటి ఏడాదే లెక్క చూసి ఉంటే 'ఫెయిల్' అని తేల్చేసేవారు! చివరికి వాహనాలు జంతువులను ఢీకొనడం 80 శాతానికి పైగా తగ్గింది. నా లెక్కలో ఇందులో ఎక్కువ వాటా కంచెదే. ఫొటోల్లో మాత్రం వంతెనే కనిపిస్తుంది.

మన దేశంలో కథ కోర్టుల మీదుగా నడిచింది. కర్ణాటకలోని పులుల అభయారణ్యం బందీపూర్‌లో 2009లో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలు ఆపేశారు. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ సరిహద్దులోని పెంచ్ పులుల అభయారణ్యం దగ్గర జాతీయ రహదారి 44 విస్తరణ ఏళ్ల తరబడి వివాదాల్లో నలిగి, చివరికి జంతువులు రోడ్డు కింద నుంచి దాటే తొమ్మిది నిర్మాణాలతో పూర్తయింది. వాటిలో పొడవైనది 750 మీటర్లు. కెమెరాల్లో పులులు కూడా దాటుతూ కనిపించాయి.

అయితే కెమెరాలు పట్టేది దాటిన వాటినే. రోడ్డు చప్పుడుకీ వెలుతురుకీ జడిసి అసలు దగ్గరికే రానివి ఏ లెక్కలోనూ పడవు. పేలుళ్లు, రాత్రి లైట్లు, కూలీల క్యాంపులు ఉండే నిర్మాణ కాలంలోనే చాలా జంతువులు చోటు వదిలిపోతాయి. కెమెరాలు మాత్రం ఎక్కువగా రోడ్డు తెరిచాకే బిగిస్తారు. ముందు అక్కడ ఏవెన్ని తిరిగేవో లెక్క లేకపోతే, ఎన్ని పోయాయో తేల్చడం ఎవరి వల్లా కాదు.