మ్యూజియం డ్రాయింగులు, పాత ఫైళ్ళు: అపోహలు - వాస్తవాలు

మ్యూజియం భవనాల డ్రాయింగులు, వాటితో పాటు వచ్చే ఫైళ్ళు సర్ది, జాబితా రాసి, అడిగినవాళ్ళకి తీసి చూపించడం నా పని. ఈ మాట చెప్పగానే చాలామందికి ఒకటే దృశ్యం కనిపిస్తుంది: పెద్ద బల్ల, దాని మీద నీలం కాగితం, ఎవరో మహానుభావుడు ఒక్క ఊపులో భవనమంతా గీసేసినట్టు. నా బల్ల మీద ఇవాళ పొద్దున్నుంచీ ఉన్నవి మాత్రం టాయిలెట్ టైల్స్ లెక్కలు, తడిసి ఒకదానికొకటి అంటుకుపోయిన మీటింగ్ మినిట్స్, రబ్బర్ బ్యాండ్ కరిగి జిగురైపోయిన ఒక డ్రాయింగ్ చుట్ట. ఆ చుట్ట ఇంకా విప్పలేదు, విప్పాలంటే భయంగా ఉంది. ఈలోపు, వచ్చినవాళ్ళందరి దగ్గరా మళ్ళీ మళ్ళీ వినే మాటలు ఒకచోట రాసేద్దామని కూర్చున్నాను.

అపోహ: డ్రాయింగులో ఎలా ఉందో భవనమూ అలాగే ఉంటుంది

అన్నిటికంటే మొండి అపోహ ఇదే. న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియం పని ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ చేతికి 1943లో వచ్చింది, భవనం తెరిచింది 1959 అక్టోబరులో, ఆయన పోయింది అదే ఏడాది ఏప్రిల్‌లో. మధ్యలో 16 ఏళ్ళు. అన్నేళ్ళలో ఎన్ని స్కీములు మారాయో చూడాలంటే ఆ డ్రాయింగులు వరసగా పరవాలి. ఒకదానిలో భవనం గుండ్రంగా కాదు, ఆరు పలకలుగా ఉంటుంది. ఇంకో పర్‌స్పెక్టివ్‌లో మొత్తం గులాబీ రంగు. ఆ గులాబీ బొమ్మ ఒక్కటే మిగిలి, మిగతావన్నీ పోయాయనుకోండి, "మొదట్లో పింక్‌గా ఉండేదట, తర్వాత ఎవరో తెల్లరంగు కొట్టేశారట" అని కథ పుట్టడానికి ఎంతసేపు పడుతుంది?

ప్యారిస్‌లో పాంపిడూ సెంటర్ అనే కళాకేంద్రం సంగతీ ఇంతే. 1971 పోటీకి 681 ఎంట్రీలు వస్తే ఆర్కిటెక్టులు రెంజో పియానో, రిచర్డ్ రోజర్స్ బృందం గెలిచింది. వాళ్ళ పోటీ డ్రాయింగుల్లో భవనం ముఖం మీద పెద్ద పెద్ద తెరలు, వాటి మీద బొమ్మలు, సమాచారం, కింద చౌక్‌లో జనం తలెత్తి చూస్తుంటారు. 1977లో తెరిచిన భవనంలో ఆ తెరల్లేవు. డ్రాయింగ్ అబద్ధం చెప్పలేదు, "ఇలా కడదామా?" అని అడిగిందంతే. దాన్ని "ఇలా కట్టారు" అని చదువుకోవడం మన తప్పు.

అందుకే షీటు చేతికి రాగానే నేను బొమ్మ చూడను, కుడివైపు కింద మూలన ఉండే టైటిల్ బ్లాక్ చూస్తాను. స్కెచ్చా, అనుమతి కోసం ఇచ్చిందా, టెండర్ సెట్టా, కట్టేవాళ్ళ కోసం గీసిన వర్కింగ్ డ్రాయింగా, కాంట్రాక్టర్ గీయించుకున్న షాప్ డ్రాయింగా, కట్టడం అయిపోయాక కొలిచి గీసిన యాజ్-బిల్ట్ డ్రాయింగా, ముందు అది తేలాలి. ఆ పక్కనే రివిజన్ల పట్టీ ఉంటుంది: అక్షరం లేదా అంకె, తేదీ, ఏం మార్చారో ఒక్క ముక్కలో, గీసినవాళ్ళ పొట్టి సంతకం. షీటులో మార్చినచోట చుట్టూ మబ్బులాంటి గీత, పక్కన చిన్న త్రికోణం, దానిలో అదే అంకె. మూడో రివిజన్ ఉండి రెండోది కనపడకపోతే ఆ రోజు నాకు టెన్షన్ మొదలైనట్టే. ఇంకో మాట, యాజ్-బిల్ట్ అని ముద్ర ఉన్నంతమాత్రాన కూడా నమ్మెయ్యకండి. చివరి బిల్లు పాస్ కావాలంటే ఆ సెట్ ఇవ్వాలి కాబట్టి, పాత వర్కింగ్ డ్రాయింగుల మీదే ముద్ర కొట్టి ఇచ్చేసిన సందర్భాలు నేను చూశాను.

అపోహ: ఉత్తరాలు, మినిట్స్, బిల్లులు చెత్త, డ్రాయింగులు ఉంచితే చాలు

ఆఫీసు ఖాళీ చేస్తున్నప్పుడు అందరూ చేసే పని ఇదే. చుట్టలు జాగ్రత్తగా అట్టపెట్టెల్లోకి, ఫైళ్ళు పాతసామాను బండిలోకి. నన్నడిగితే, రెండిట్లో ఒకటే ఉంచాలి అనే గతి పడితే నేను ఫైళ్ళే ఉంచుతాను, ఈ మాటకి నాతోపాటు పనిచేసేవాళ్ళే ఒప్పుకోరు, అది వేరే గొడవ.

ఒక ఉదాహరణ చెప్తాను. నేను పనిచేసిన ఒక మ్యూజియంలో పైకప్పు అద్దాల పక్కన వానొస్తే నీళ్ళు కారేవి. డ్రాయింగ్ ప్రకారం గట్టర్ వాలు తూర్పుకి. ఇంజనీర్లు తూర్పు చివర పైపులన్నీ వెతికారు, ఎక్కడా అడ్డు లేదు. నిజానికి వాలు పడమరకి ఉంది. ఎందుకని? ఒక మీటింగ్ మినిట్స్‌లో, పదకొండో అంశం కింద, ఒకే ఒక్క వాక్యం: ఏసీ డక్ట్ అడ్డొస్తోంది కాబట్టి గట్టర్ వాలు తిప్పాలని సైట్‌లో ఒప్పుకున్నారు. డ్రాయింగ్‌ని మాత్రం ఎవరూ దిద్దలేదు. ఆ ఫైలు కూడా చెత్తబుట్టకి వెళ్ళాల్సిందే, దాని అట్ట మీద "ఇతరములు" అని రాసుంది మరి.

గుగ్గెన్‌హైమ్‌కి 2005 నుంచి 2008 వరకు పెద్ద మరమ్మతు జరిగినప్పుడు బయటి గోడకి ఏ రంగు వెయ్యాలన్నది పెద్ద చర్చే అయింది. పొరలు పొరలుగా పేరుకున్న పెయింట్ తీసి చూస్తే అడుగున పసుపు ఛాయ ఉంది, జనానికి అలవాటైంది లేత బూడిద రంగు. 2007లో నగరంలోని ల్యాండ్‌మార్క్స్ కమిషన్ బూడిద రంగు వైపే మొగ్గింది. ఇలాంటి వాదనలో నలుపు తెలుపు వర్కింగ్ డ్రాయింగ్ ఏం సాక్ష్యం చెప్తుంది? పెయింట్ ముక్కలు, స్పెసిఫికేషన్లు, కొనుగోలు కాగితాలు, పాత కలర్ ఫోటోలు, ఇవి మాట్లాడాలి.

రైట్ ఆర్కైవ్‌ని 2012లో న్యూయార్క్ మోమా (ఆధునిక కళల మ్యూజియం), కొలంబియా యూనివర్సిటీలోని ఏవరీ లైబ్రరీ కలిసి తీసుకున్నాయి. దానిలో డ్రాయింగులు దాదాపు 23,000, ఉత్తరప్రత్యుత్తరాలు 3 లక్షల పైమాటే. అంటే ఒక్క డ్రాయింగుకి పదమూడు ఉత్తరాలు. లెక్క చూస్తేనే తెలుస్తుంది భవనం ఎక్కువగా దేనితో కట్టారో.

అపోహ: లూవ్ర్ పిరమిడ్‌లో 666 అద్దాలున్నాయి

ఇది మా పనిలో ఎలా దూరిందంటే, డ్రాయింగులు చూడ్డానికి వచ్చేవాళ్ళలో ఏడాదికి ఒకరిద్దరైనా గుసగుసగా అడుగుతారు. ప్యారిస్ లూవ్ర్ మ్యూజియం గుమ్మంగా ఐ. ఎం. పేయి డిజైన్ చేసిన ఈ గాజు పిరమిడ్ 1989లో తెరిచారు. సైతాను అంకె అని ఒక ప్రచారం అప్పటినుంచీ నడుస్తూనే ఉంది. దీనికి రహస్య ఫైలు ఏదీ అక్కర్లేదు, ఒక్కో ముఖాన్నీ ఎదురుగా చూపించే ఎలివేషన్ డ్రాయింగ్ ఒక్కటి ఉంటే పెన్సిల్ పట్టుకుని లెక్కపెట్టుకోవచ్చు. ఒక్కో ముఖానికి అడుగున 18 త్రికోణాలు. వాటి పైన డైమండ్ ఆకారపు అద్దాలు 17, ఆ పైన 16, అలా తగ్గుతూ కొసన 1. కూడితే 153. త్రికోణాలు కలిపితే 171. ఇలాంటి ముఖాలు మూడు, అంటే 513. నాలుగో వైపు తలుపు ఉంది కాబట్టి అక్కడ 2 త్రికోణాలు, 9 డైమండ్లు తక్కువ, అంటే 160. మొత్తం 673. మ్యూజియం వాళ్ళు చెప్పే అంకె కూడా అదే.

అపోహ: నీలం కాగితమే ఒరిజినల్

బ్లూప్రింట్ అనేది నకలు. జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన సైనోటైప్ పద్ధతి అది: ట్రేసింగ్ మీద ఇంకుతో గీసి, దాన్ని రసాయనం పూసిన కాగితం మీద పెట్టి వెలుతురు చూపిస్తే, గీత అడ్డుపడ్డచోట తెల్లగా, మిగతాదంతా నీలంగా వస్తుంది. అసలు గీసిన కాగితం ట్రేసింగ్ పేపరో, పిండి పట్టించిన గుడ్డో అయ్యుంటుంది. ఆ గుడ్డ మీద నీటి చుక్క పడితే మచ్చ ఖాయం.

నకలే కదా అని తీసిపారెయ్యకండి. ఒక్కోసారి సైట్‌కి వెళ్ళిన బ్లూప్రింట్ మీదే ఎర్ర పెన్సిల్ దిద్దుబాట్లు ఉంటాయి, ఒరిజినల్ మీద ఉండవు. అప్పుడు నకలుదే పైచేయి.

ఇక్కడే ఇంకో పొరపాటు దొర్లుతుంది. కాగితాన్ని ఆమ్లం పాడుచేస్తుంది కాబట్టి, సున్నపు గుణం (క్షారం) కలిపిన "మంచి" ఫోల్డర్లో పెడితే అన్నీ క్షేమం అనుకుంటారు. మామూలు కాగితానికి అది మంచిదే, బ్లూప్రింట్‌కి మాత్రం పడదు. ఆ నీలానికి క్షారం శత్రువు, మెల్లగా వెలిసిపోతుంది. దానికి ఏదీ కలపని తటస్థ కాగితమే కావాలి. వింతేంటంటే, వెలుతురుకి వెలిసిన బ్లూప్రింట్‌ని చీకట్లో ఉంచితే కొంత రంగు తిరిగి వస్తుంది. అమ్మోనియా ఆవిరితో తీసే ఇంకో రకం నకళ్ళకి, అంటే అమ్మోనియా ప్రింట్లకి, ఆ అదృష్టం లేదు. అవి వెలిసిపోతాయి, గోధుమరంగుకి తిరుగుతాయి, పైగా పక్కనున్నవాటిని కూడా పాడుచేస్తాయి. డ్రాయర్ తెరవగానే ఘాటు వాసన కొడితే ముందు వాటిని వేరు చెయ్యండి.

అపోహ: కట్టని ప్రాజెక్టు డ్రాయింగులకి విలువ లేదు

ఆర్కిటెక్ట్ లె కార్బ్యూజియే 1930ల్లో ఒక మ్యూజియం ఊహ గీశాడు: మధ్యలో మొదలై చదరపు చుట్టగా బయటికి తిరుగుతూ, సేకరణ పెరిగినకొద్దీ భవనం కూడా పెరుగుతూ పోవాలి. అంతులేకుండా పెరిగే మ్యూజియం అన్నమాట. గీసింది గీసినట్టు ఎక్కడా కట్టలేదు. కానీ అహ్మదాబాద్ సంస్కార్ కేంద్ర మ్యూజియం, 1959లో తెరిచిన టోక్యో పాశ్చాత్య కళల మ్యూజియం, 1968 నాటి చండీగఢ్ మ్యూజియం మూడూ ఆ ఊహ నుంచే పుట్టాయి. ఆ మూడు భవనాల ప్లాన్లు పక్కపక్కన పెట్టి, పైన ఆ కట్టని ప్లాన్ పెట్టి చూడండి, తోబుట్టువులని ఇట్టే తెలిసిపోతుంది. ఆ పాత షీట్లు పారేసి ఉంటే, ఈ మూడిటికీ ఉన్న చుట్టరికం ఇంత తేలిగ్గా చూపించలేం.

అపోహ: స్కాన్ చేసేశాం, ఇక కాగితం ఎందుకు

స్కాన్ చెయ్యండి, తప్పకుండా చెయ్యండి, చుట్టని పదిసార్లు విప్పే బాధ తప్పుతుంది. కానీ స్కాన్‌లో పోయేవి కూడా ఉన్నాయి. చెరిపేసిన పెన్సిల్ గీత నొక్కు, ట్రేసింగ్ వెనకవైపు వేసిన రంగు, బ్లేడుతో గీకిన ఇంకు మచ్చ, ఇవన్నీ కాగితాన్ని ఏటవాలు వెలుతుర్లో పట్టుకుంటే కనపడతాయి. ఇంకా, స్కాన్ మీద స్కేలు పెట్టి కొలవకండి. కాగితమే తేమకి సాగుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, ప్రింటర్ దాన్ని ఇంకొంచెం కుదిస్తుంది. షీటు మీద "కొలతలు అంకెల్లోనే చూడండి, స్కేలుతో తీయకండి" అని రాసేది ఊరికే కాదు. స్కేలు పట్టీ కూడా కలిపి స్కాన్ చేస్తే ఎంత కుదించారో కనీసం అదైనా తెలుస్తుంది.

మొదటినుంచీ కంప్యూటర్లోనే పుట్టిన డ్రాయింగులైతే ఇంకా చిక్కు. 1997లో తెరిచిన బిల్బావో గుగ్గెన్‌హైమ్‌కి ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెరీ ఆఫీసు విమానాల డిజైన్ కోసం తయారైన కాటియా సాఫ్ట్‌వేర్ వాడింది. అలాంటి ఫైలు దాచాలంటే ఫైలు ఒక్కటే చాలదు, దాన్ని తెరిచే వెర్షన్ కూడా ఉండాలి. మామూలు క్యాడ్ ఫైళ్ళే మమ్మల్ని ఏడిపిస్తాయి. సీడీలో ప్లాన్ ఉంటుంది, దానికి జతగా తెరుచుకోవాల్సిన కాలమ్ గ్రిడ్ (స్తంభాల వరసలు) ఫైలు ఉండదు, తెరిస్తే గోడలు గాల్లో వేలాడుతుంటాయి. ఏ రంగు గీత ఎంత మందంగా ప్రింటవ్వాలో చెప్పే సెట్టింగుల ఫైలు కూడా ఉండదు, దాంతో ప్లాన్లో కోసి చూపించిన గోడకీ కుర్చీ అంచుకీ ఒకటే మందం. అందుకే ఫైలుతో పాటు అప్పట్లో ప్రింట్ తీసిన పీడీఎఫ్ కూడా అడిగి తీసుకుంటాను, అదీ లేకపోతే కాగితం.

ఇంకొన్ని, గబగబా

అన్నీ ఆర్కిటెక్టే స్వయంగా గీస్తాడు: లేదు. రైట్ ఆఫీసులో కూడా చాలా షీట్లు శిష్యులు గీసినవే. మూలన ఉండే ఆ పొట్టి సంతకాలే వాళ్ళు మిగిల్చుకున్న గుర్తు, జాబితాలో అవి కూడా రాయండి.

చినిగితే సెల్లో టేప్, పాతబడితే లామినేషన్: దయచేసి వద్దు. టేపు ఊడిపోతుంది, జిగురు మాత్రం ఎప్పటికీ ఉంటుంది. లామినేషన్‌ని వెనక్కి తీసే దారి లేదన్నట్టే.

తెల్ల గ్లవ్స్ వేసుకోవాల్సిందే: ఫోటోలకి, నెగటివ్‌లకి సరే. కాగితానికి మాత్రం కడిగి ఆరబెట్టుకున్న చేతులే మేలు, గుడ్డ గ్లవ్స్‌తో అంచు ఎక్కడుందో తెలియక చింపేస్తారు.

కాగితం మా దగ్గరుంది కాబట్టి హక్కు కూడా మాదే: కాగితం ఒకరిది, కాపీరైట్ ఇంకొకరిది కావచ్చు. దానమిచ్చేటప్పుడే రాతపూర్వకంగా అడగాలి.

ఆర్కైవ్ అంటే ఎవరికైనా అన్నీ చూపించాలి: మ్యూజియం ఇంకా నడుస్తోందనుకోండి, అలారం వైరింగ్, స్టోర్‌రూమ్ తలుపులు, కెమెరాలు ఎక్కడున్నాయో చెప్పే షీట్లు అడిగినవాడికల్లా ఇవ్వం. కోపం తెచ్చుకోకండి, అదే భవనాన్ని నిలువునా కోసి చూపించే సెక్షన్లు, ఎలివేషన్లు ఎన్ని కావాలన్నా తీసిస్తాం.

ఇక పొద్దున్నుంచీ ఆగిన ఆ చుట్ట. మీ దగ్గర కూడా ఏళ్ళనాటి చుట్టలుంటే బలవంతంగా చదును చెయ్యకండి, ఎండిన ట్రేసింగ్ అప్పడంలా విరుగుతుంది. బయట రాసున్నది ఫోటో తీసుకోండి, రబ్బర్ బ్యాండ్‌ని లాగకుండా కత్తిరించండి, అతుక్కున్న ముక్కని అలాగే వదిలెయ్యండి, ఆ చుట్ట ఏ ఫైలు పక్కన దొరికిందో ఒక చీటీ మీద రాసి దానికి కట్టండి. మిగతాది తేమ పట్టించి మెల్లగా విప్పడం తెలిసినవాళ్ళ పని. నేను కూడా దీన్ని రేపు వాళ్ళకే అప్పజెప్తున్నాను.