పుట్టబోయే బిడ్డపై మన ఊహల ముద్ర

సీమంతానికి వచ్చిన పెద్దవాళ్లు గాజులు తొడుగుతూనే గర్భిణి పొట్టను పరిశీలనగా చూస్తారు. పొట్ట ముందుకు పొడుచుకొచ్చి ఉంటే మగపిల్లవాడనీ, పక్కలకు పరుచుకుంటే ఆడపిల్ల అనీ, వేవిళ్లు బాగా బాధిస్తే ఆడపిల్లే అనీ, తీపి మీద మనసు పోతే ఒకరూ పులుపు మీద పోతే మరొకరూ అనీ జోస్యాలు మొదలవుతాయి. ఒక ఇంట్లో మగపిల్లవాడికి గుర్తుగా చెప్పే లక్షణాన్నే మరో ఇంట్లో ఆడపిల్లకు గుర్తుగా చెప్పడమూ కద్దు.

ఇలాంటి నమ్మకాలు అమెరికాలోనూ ఉన్నాయి. అక్కడి జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 104 మంది గర్భిణుల ఊహలను కాన్పు తరువాతి వాస్తవంతో పోల్చి 1999లో ఫలితాలు ప్రచురించారు. సరిగ్గా ఊహించినవారు 55 శాతం మంది. గుడ్డిగా చెప్పినా దాదాపు అంతే వస్తుంది. పొట్ట ఆకారానికీ బిడ్డ లింగానికీ సంబంధమే కనిపించలేదు. పొట్ట ఎలా కనిపిస్తుందన్నది తల్లి ఎత్తు మీద, ఉదర కండరాల బిగువు మీద, అది ఎన్నో కాన్పు అన్నదాని మీద, బిడ్డ ఏ వైపు తిరిగి ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. వేవిళ్ల విషయంలో మాత్రం ఒక మాట చెప్పాలి. ఆసుపత్రిలో చేర్చవలసినంత తీవ్రంగా వాంతులయ్యే తల్లులకు ఆడపిల్లలు పుట్టడం కొద్దిగా ఎక్కువని స్వీడన్‌లో జరిగిన పరిశీలనలో తేలింది. అయితే ఆ తేడా ఎంత చిన్నదంటే, ఒక తల్లి విషయంలో జోస్యం చెప్పడానికి అది ఎందుకూ పనికిరాదు. అయినా ఈ నమ్మకాలు తరతరాలుగా నిలిచి ఉన్నాయంటే, ఏం చెప్పినా సగం సార్లు నిజమవుతుంది కనుక, నిజమైన జోస్యాన్ని అందరూ గుర్తుపెట్టుకుని, తప్పినదాన్ని మరిచిపోతారు కనుక.

బిడ్డ లింగం తేలేది వీర్యకణం అండాన్ని చేరిన క్షణంలోనే. తల్లి నుంచి ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే వస్తుంది. తండ్రి నుంచి ఎక్స్ వస్తే ఆడపిల్ల, వై వస్తే మగపిల్లవాడు. పిండిపురుగుల కణాలను పరిశీలించిన నెట్టీ స్టీవెన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, మగపురుగుల్లో మాత్రమే ఉండే ఒక చిన్న క్రోమోజోమే లింగాన్ని నిర్ణయిస్తుందని 1905లో చూపించారు. వై క్రోమోజోమ్‌లో ఆ పని మొదలుపెట్టే ఎస్ఆర్‌వై జన్యువును లండన్ పరిశోధకులు 1990లో గుర్తించారు. ఇంత స్పష్టంగా తెలిసిన ఈ రోజుల్లో కూడా, వరుసగా ఆడపిల్లలను కన్న కోడలిని నిందించే ఇళ్లు మన మధ్య ఉండటం నాకు చాలా బాధ కలిగిస్తుంది. అది క్రూరత్వమే కాదు, పచ్చి అబద్ధం కూడా.

ఆ నిందకు కొనసాగింపే, కడుపులో ఉన్నది ఆడపిల్ల అని తెలిస్తే గర్భాన్ని తీయించుకోవడం. దేశంలో ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి 1000 మంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలుంటే, 2001 నాటికి ఆ సంఖ్య 927కి పడిపోయింది, తరువాతి జనగణనలోనూ ఇంకా తగ్గింది. దీన్ని అడ్డుకోవడానికే 1994లో చేసిన చట్టం, కడుపులో ఉన్నది ఆడో మగో మాటలతో గానీ సైగలతో గానీ మరే విధంగా గానీ తెలియజేయడాన్ని నేరంగా పరిగణిస్తుంది. స్కానింగ్ సెంటర్ గోడ మీద కనిపించే హెచ్చరిక బోర్డు ఆ చట్టం పెట్టించినదే. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ నిషేధం లేదు. పదో వారం దాటాక తల్లి రక్తపరీక్షతోనే విషయం తెలిసిపోతుంది. గులాబీ రంగో నీలం రంగో అప్పుడే ఎంచుకుంటారు.

తెలిసినా, ఊహించుకున్నా, ఆ తరువాత జరిగేదే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. 1974లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తొలిచూలు బిడ్డ పుట్టి 24 గంటలైనా గడవని 30 మంది దంపతులను తమ శిశువు ఎలా ఉందో వర్ణించమన్నారు. పొడవులో, బరువులో ఆ శిశువుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అయినా ఆడశిశువులు సుకుమారంగా, చిన్నగా ఉన్నారని, మగశిశువులు దృఢంగా ఉన్నారని తల్లిదండ్రులు చెప్పారు. ఈ ధోరణి తండ్రుల్లో మరింత ఎక్కువగా కనిపించింది.

రెండేళ్ల తరువాత మరో బృందం తొమ్మిది నెలల బిడ్డ ఒకరిని వీడియో తీసి కొందరికి చూపించింది. మూత తెరుచుకుని బొమ్మ ఎగిరిపడే పెట్టెను చూసి ఆ పసిబిడ్డ ఏడుస్తుంది. మగపిల్లవాడని చెప్పి చూపినప్పుడు ఆ ఏడుపులో ఎక్కువమందికి కోపం కనిపించింది. ఆడపిల్ల అని చెప్పినప్పుడు భయం కనిపించింది. బిడ్డా అదే, ఏడుపూ అదే. కోపమనుకుంటే పెట్టెను పక్కన పెడతాం, భయమనుకుంటే బిడ్డను ఎత్తుకుని ఓదారుస్తాం. ఇలాంటి చిన్న చిన్న స్పందనలే రోజుకు ఎన్నోసార్లు, ఏళ్ల తరబడి బిడ్డకు అందుతాయి.

2000లో వచ్చిన మరో పరిశోధనలో 11 నెలల పిల్లల తల్లులకు వాలు పెంచడానికీ తగ్గించడానికీ వీలున్న ఒక బల్లను ఇచ్చి, తమ బిడ్డ ఎంత వాలు వరకు పాకగలదో అంత వాలుకు దాన్ని అమర్చమన్నారు. ఆ తరువాత పిల్లలను నిజంగానే దాని మీద పాకించి చూశారు. ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే సామర్థ్యం చూపారు. కానీ ఆడపిల్లల తల్లులు తమ బిడ్డల శక్తిని తక్కువగా, మగపిల్లల తల్లులు ఎక్కువగా అంచనా వేశారు. ఆ తల్లుల ప్రేమలో లోటేమీ లేదు. అయితే పాకడం, ఎక్కడం, దిగడం సాధనతో వచ్చే విద్యలు. పడిపోతుందేమోనని ముందుగానే ఎత్తుకున్న ప్రతిసారీ ఆ పాపకు ఒక ప్రయత్నం తగ్గిపోతుంది.