కింది దవడ తీసేశాక అక్కడ ఏం పెడుతున్నారు?

2025లో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు చెల్లించాలంటూ ఆరోగ్యశ్రీ సేవలు ఆపేశాయి. ఆ పథకానికి ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు. బకాయిల గొడవ రేగినప్పుడల్లా ప్యాకేజీ రేట్ల మీద చర్చ మొదలవుతుంది. ఆ చర్చలో పెద్దగా వినిపించని ప్రశ్న ఒకటుంది. గడ్డతో పాటు కింది దవడ ఎముక కూడా తీసేసిన మనిషికి ఆ ఖాళీలో ఏం పెట్టాలి? కాలి ఎముకా, ఛాతీ కండా, ఉత్త లోహపు ప్లేటా?

గుట్కా, ఖైనీల కథ అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. పొగాకు బుగ్గలో దాచుకునే అలవాటు వల్ల మన దేశంలో నోటి క్యాన్సర్ ఎక్కువగా బుగ్గా చిగురూ కలిసే చోట పుడుతుంది. చిగురు కిందే దవడ ఎముక. 2020లో దేశంలో కొత్తగా నోటి క్యాన్సర్ వచ్చినవాళ్లు 1.35 లక్షల మందికి పైనే అని అంతర్జాతీయ అంచనా. పుండు ఎముకను ఆనుకుని ఆగితే పైఅంచు చెక్కి వదిలేస్తారు. లోపలికి దిగితే ఆ ముక్క మొత్తం తీయక తప్పదు. అమీలోబ్లాస్టోమా అనే గడ్డ క్యాన్సర్ కాకపోయినా, అది పెద్దదైతే కూడా దవడ ముక్క పోతుంది. అది ఎక్కువగా వయసులో ఉన్నవాళ్లకే వస్తుంది.

పక్క భాగం పోతే మిగిలిన దవడ ఒక పక్కకు లాగేస్తుంది, పై పళ్లూ కింది పళ్లూ కలవవు. గడ్డం దగ్గరి ఎముక పోతే పరిస్థితి ఇంకా దారుణం. నాలుకకు ముందు పట్టు ఉండదు, అది వెనక్కి జారుతుంది. పెదవి లోపలికి పడిపోతుంది, చొంగ ఆగదు, మాట తెలియదు. ఊపిరి కోసం గొంతుకు పెట్టిన గొట్టం కొందరికి తీయడమే కష్టమవుతుంది.

అసలు మలుపు 1989లో వచ్చిందని నా అభిప్రాయం. అంతకుముందు తుంటి ఎముక ముక్కో, పక్కటెముకో తెచ్చి అతికించేవారు. రక్తం అందని ఆ ముక్క, మన జనం కరెంటు పెట్టడం అనే రేడియేషన్‌కు తట్టుకోలేకపోయేది. ఎముకను దాని రక్తనాళంతో సహా తెచ్చి నాటవచ్చని 1975లో మెల్‌బోర్న్‌లో ఇయాన్ టేలర్ చూపించాడు, కానీ ఆయన బాగుచేసింది కాలిని. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో డేవిడ్ హిడాల్గో ఆ పద్ధతినే దవడకు వాడాడు. 1989లో ఆయన ప్రచురించిన 12 కేసుల్లో పోయిన దవడ సగటు పొడవు 13.5 సెంటీమీటర్లు. గడ్డ తీసిన రోజే, అదే ఆపరేషన్‌లో, 11 మందికి కొత్త దవడ కట్టాడు.

ఆయన ఎంచుకున్నది ఫిబులా, అంటే పిక్క బయటివైపు ఉండే సన్నని ఎముక. ఒంటి బరువు మోసేది దాని పక్కనున్న పెద్ద ఎముక. మోకాలి దగ్గరా చీలమండ దగ్గరా కొంచెం ఉంచి మధ్య భాగం తీసుకుంటే మనిషి మళ్లీ నడుస్తాడు. తల దగ్గర ఒక బృందం గడ్డ తీస్తుంటే కాలి దగ్గర ఇంకో బృందం ఎముక తీయవచ్చు. నిటారుగా ఉన్న ఎముకను రెండు మూడు చోట్ల కోణంగా కోసి, దవడ వంపు వచ్చేలా మడిచి, సన్న ప్లేట్లతో బిగిస్తారు. తర్వాత మెడలోని నాళాలకు దాని నాళాలను మైక్రోస్కోప్ కింద కలుపుతారు. రెండు మూడు మిల్లీమీటర్ల నాళం, కంటికి ఆనని దారం. ఆ రాత్రంతా డ్యూటీ డాక్టరో నర్సో గంట గంటకూ, ఎముకతో పాటు కాలి నుంచి తెచ్చి నోట్లో అతికించిన చర్మం రంగు చూస్తారు, అనుమానం వస్తే సూదితో గుచ్చుతారు. ఎర్రటి రక్తం వస్తే సరే. నల్లగా వస్తే సిరలో రక్తం గడ్డకట్టినట్టే, మళ్లీ థియేటర్‌కు పరుగు.

ఛాతీ కండ చాలనే రెండో పక్షం వాదన 1979 నుంచి ఉంది. ఆ ఏడాది స్టీఫెన్ ఆరియన్ ఛాతీ కండను చర్మంతో పాటు పైకి తిప్పి నోటి ఖాళీ మూసే పద్ధతి ప్రచురించాడు. మైక్రోస్కోప్ అక్కర్లేదు, ఒక్క బృందం చాలు, టైమ్ తక్కువ. దవడ వెనుక భాగం పోయినవాళ్లకు ఇది చాలాసార్లు సరిపోతుంది కూడా. రేడియేషన్ ఆరు వారాల్లోపు మొదలవ్వాలి, పెద్ద ఆపరేషన్‌లో తేడా వస్తే అది ఆలస్యమవుతుంది అని వాళ్లంటారు. బయట క్యూలో ఇంకెందరో ఉన్నారనీ అంటారు. అది నిజమే.

కానీ గడ్డం ఎముక పోయినవాళ్లకు ఈ వాదన వర్తించదు. కండ మెత్తనిది, రేడియేషన్ తర్వాత ఇంకా కుంచించుకుపోతుంది. కింద ప్లేటు మాత్రమే పెడితే కొన్ని నెలలకో ఏడాదికో అది చర్మాన్ని చీల్చుకుని బయటికి రావచ్చు, లేదా విరగవచ్చు. అప్పుడు రేడియేషన్ తిన్న మెడలో మళ్లీ నాళాలు వెతుక్కోవాలి. మొదటి రోజే చేయాల్సిన పనిని వాయిదా వేసిన ఖర్చంతా రోగి నెత్తిన పడుతుంది.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు, జేబులో డబ్బు లేనివాళ్లు కూడా కార్పొరేట్ ఆసుపత్రిలో క్యాన్సర్ ఆపరేషన్ చేయించుకోగలిగారు. అది చిన్న విషయం కాదు. కానీ ప్యాకేజీ అంటే ఆపరేషన్‌కు ఇంత అని ముందే కట్టిన రేటు. రెండు బృందాలు, రోజంతా థియేటర్, ఐసీయూ రాత్రులు కావాల్సిన పనీ, సాయంత్రానికి ముగిసే పనీ ఆసుపత్రి ఖాతాలో ఒకటి కావు. ఆ రేటు కూడా నెలల తరబడి రాకపోతే మేనేజ్‌మెంట్ ఒత్తిడి ఎటు ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అలాంటప్పుడు ముందు వెనక్కి తగ్గేది కాలి ఎముక పద్ధతే.

ఎముక కట్టినా పళ్ల దగ్గర ఇంకో గొడవ. ఫిబులాలో టైటానియం ఇంప్లాంట్లు, అంటే కట్టుడు పళ్లను బిగించే మేకులు, నిలుస్తాయి. కంప్యూటర్ ప్లానింగ్‌తో దవడా పళ్లూ ఒకే రోజు పెట్టిన కేసులు 2013లోనే న్యూయార్క్ నుంచి ప్రచురితమయ్యాయి. మన దగ్గర చాలా మెడిక్లెయిమ్ పాలసీల్లో పళ్ల చికిత్స, ప్రమాదం వల్ల అయితే తప్ప, మినహాయింపుల్లోకే పోతుంది. అమెరికాలో వృద్ధులకిచ్చే ప్రభుత్వ బీమా మెడికేర్‌లోనూ 1965 నాటి చట్టం పళ్లను పక్కన పెట్టింది. గడ్డ తీసిన సమయంలోనే పళ్లు నిలిచే దవడ గట్టు కడితే డబ్బిస్తారు, కట్టుడు పళ్ల కోసం తర్వాత కడితే ఇవ్వరు. దవడ కట్టించుకుని జావ తాగుతూ బతకమనడం సగం వైద్యమే. రేట్ల సవరణకు ఈసారి కూర్చున్నప్పుడు గడ్డం ఎముక పోయిన కేసులకు విడిగా ఒక ప్యాకేజీ, రేడియేషన్ అయ్యాక పెట్టే పళ్లకు ఇంకో ప్యాకేజీ రాసుకోవాలి.