ఒకే మందు కంటిలో గట్టిగా, కణితిలో అరకొరగా ఎందుకు?

కొత్త రక్తనాళాలు పుట్టకుండా అడ్డుకునే బెవాసిజుమాబ్ యాంటీబాడీని పెద్దపేగు క్యాన్సర్‌కు నరం ద్వారా ఎక్కిస్తారు. కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున, రెండు వారాలకోసారి. 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాములు. రెటీనా (కంటి వెనుక తెర) జబ్బులకు కంటిలోకి మాత్రం 1.25 మిల్లీగ్రాములే, అంటే అందులో 240వ వంతు. అయినా ఎక్కువ ఫలితం కంటిలోనే కనిపించింది. 2004లో క్యాన్సర్‌కు అనుమతి తెచ్చిన పరీక్షలో మధ్యస్థ జీవితకాలం 15.6 నెలల నుంచి 20.3 నెలలకు పెరిగింది. తక్కువేం కాదు, కానీ కణితిని ఆకలితో మాడ్చి చంపేయొచ్చన్న తొలినాటి ఆశ ముందు అది చిన్నదే.

కథ మొదలైంది కూడా కంటి నుంచే. 1940లలో నెలలు నిండని శిశువులకు ఇంక్యుబేటర్లలో ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చేవారు. ప్రాణం దక్కేది, చాలామందికి చూపు పోయేది. తప్పు ఆక్సిజన్‌దే కావచ్చని 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంప్‌బెల్ రాశారు. నాళాలు రెటీనా అంచుదాకా చేరకముందే ఆక్సిజన్ ఎక్కువైతే వాటి ఎదుగుదల ఆగిపోతుంది, ఉన్నవి కూడా మూసుకుపోతాయి. తర్వాత బిడ్డను మామూలు గాలికి తెస్తారు. ఎదుగుతున్న రెటీనాకు రక్తం చాలదు. అప్పుడు నాళాలు అడ్డదిడ్డంగా పుట్టుకొచ్చి రెటీనాను లాగేస్తాయి. ఆక్సిజన్ అందని రెటీనా ఏదో పదార్థాన్ని వదిలి నాళాలను రప్పిస్తోందని కంటి వైద్యుడు ఐజాక్ మైకేల్సన్ 1948లోనే ఊహించారు.

కణితుల విషయంలో అదే ఆలోచనను 1971లో శస్త్రవైద్యుడు జూడా ఫోక్‌మన్ ముందుకు తెచ్చారు: కొత్త నాళాలు లేకుండా కణితి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటదు. ఆ పదార్థం మాత్రం రెండు దారుల్లో దొరికింది. 1983లో సెంగర్, డ్వోరాక్ బృందం నాళాల గోడలను కారేలా చేసే ప్రోటీన్‌ను పట్టుకుంది. 1989లో నెపోలియన్ ఫెరారా బృందం నాళాలను పెంచే వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వేరుచేసింది. తీరా చూస్తే రెండూ ఒకటే. బెవాసిజుమాబ్ అడ్డుకునేది దీన్నే. ఈ మందుతో మాక్యులా (రెటీనా నడిమి భాగం) వాపు కూడా తగ్గడానికి కారణం ఇదే.

వీఈజీఎఫ్ తయారీకి మీట హిఫ్ అనే ప్రోటీన్. కణం దీన్ని ఎప్పుడూ తయారు చేస్తూనే ఉంటుంది, ఆక్సిజన్ ఉంటే నిమిషాల్లోనే ముక్కలు చేసేస్తుంది. ఆక్సిజన్‌ను వాడుకునే ఎంజైములు హిఫ్ మీద గుర్తు వేస్తాయి. ఆ గుర్తును వీహెచ్ఎల్ ప్రోటీన్ పట్టుకుని హిఫ్‌ను చెత్తబుట్టకు పంపిస్తుంది. ఆక్సిజన్ తగ్గితే గుర్తు పడదు. హిఫ్ కేంద్రకంలోకి చేరి వీఈజీఎఫ్ జన్యువును నడుపుతుంది. దీన్ని విప్పిన కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజాలకు 2019లో నోబెల్ వచ్చింది. చాలా కిడ్నీ క్యాన్సర్లలో వీహెచ్ఎల్ చెడిపోతుంది, దాంతో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం ఊపిరాడనట్టే ప్రవర్తిస్తుంది.

వీఈజీఎఫ్ నాళపు కణం మీది రిసెప్టర్‌ను (సంకేతం అందుకునే ప్రోటీన్‌ను) తట్టగానే లోపల ఈఆర్‌కే అనే సంకేతాల దారి కణ విభజనను, ఏకేటీ అనే దారి బతుకును చూసుకుంటాయి. కొత్త నాళంలో ముందు నడిచే కొన కణం పక్క కణాల మీది నాచ్ అనే రిసెప్టర్‌ను తట్టి ‘మీరు ఆగండి’ అంటుంది. అవి కాడగా మిగులుతాయి. ఎలుకల కణితుల్లో ఈ నాచ్ మాటను అడ్డుకుంటే నాళాలు ఇంకా ఎక్కువ పుట్టాయి, అయినా కణితి తగ్గింది, ఎందుకంటే వాటిలో రక్తం సరిగా పారలేదు. నాళాల లెక్క కాదు, పారుదల ముఖ్యం.

కణితిలో మందు తడబడేది ఇక్కడే. వీఈజీఎఫ్‌ను ఆపితే ఎఫ్‌జీఎఫ్, యాంజియోపోయిటిన్-2 లాంటి వేరే ప్రోటీన్లు దాని పని అందుకుంటాయి. కొన్ని కణితులు కొత్త నాళాల జోలికే పోకుండా పక్కనున్న పాత నాళాలను చుట్టుకుని బతుకుతాయి. పైగా మందు ఒళ్లంతా తిరుగుతుంది. కిడ్నీ వడపోత గోడకు రోజూ వీఈజీఎఫ్ కావాలి కనుక మూత్రంలో ప్రోటీన్ పోతుంది, రక్తపోటు పెరుగుతుంది, గాయం మానదు. పెద్ద ఆపరేషన్ తర్వాత కనీసం 28 రోజులు, పుండు పూర్తిగా మానేదాకా మందు మొదలుపెట్టరు.

కంటిలో స్థలం చిన్నది, నాళాలను రప్పించే పిలుపు చాలావరకు వీఈజీఎఫ్‌దే. మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములున్న వయల్ (మందు సీసా) నుంచి 0.05 మిల్లీలీటరు తీస్తే సరిపోతుంది. ఒక వయల్‌ను చాలా సిరంజిల్లోకి పంచేటప్పుడే సూక్ష్మక్రిములు చొరబడే ప్రమాదం ఎక్కువ. మధుమేహ రోగి రెటీనా మీద అప్పటికే పీచుపొర గట్టిగా ఉంటే మరో చిక్కు: నాళాలు వాడిపోతాయి, పొర ముడుచుకుని రెటీనాను ఊడదీస్తుంది. అందుకే అలాంటి కళ్లకు ఇంజెక్షన్ వేస్తే ఆపరేషన్‌ను కొద్ది రోజుల్లోనే పెట్టుకుంటారు.

మొదట చెప్పిన ఆ రెటీనా జబ్బుకు నెలలు నిండని శిశువుల్లో మోతాదు ఇంకా తగ్గిస్తారు, 0.625 మిల్లీగ్రాములు. అయినా కొంత రక్తంలోకి జారి, ఊపిరితిత్తులు, కిడ్నీలు ఎదుగుతున్న వారాల్లోనే అక్కడి వీఈజీఎఫ్‌ను తగ్గిస్తుంది. లేజర్ చికిత్సతో పోలిస్తే ఈ ఇంజెక్షన్ తర్వాత వ్యాధి చాలా ఆలస్యంగా తిరగబెట్టవచ్చు. నాళాలు రెటీనా అంచుదాకా చేరాయని కళ్లారా చూసేవరకు పరీక్షలు మానకూడదు.