టైరుతో పాటు లేచొచ్చిన పూత

డాలస్ శివార్లలో ఇల్లు కొన్న ఏడాది మా గరాజ్ గచ్చుకి నేనే ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం) పూత వేశాను. శని, ఆదివారాల్లో పని అయిపోయింది. గచ్చు బూడిదరంగులో అద్దంలా మెరిసింది. జూలైలో ఒక సాయంత్రం హైవే మీద గంటసేపు నడిపి వచ్చి కారు లోపల పెట్టాను. మర్నాడు పొద్దున వెనక్కి తీస్తే, టైర్లు ఆగిన నాలుగు చోట్లా అరచెయ్యంత పెచ్చులు టైర్లకు అంటుకుని లేచి వచ్చాయి. చాలా బాధేసింది. ఒక పెచ్చు తిప్పి చూస్తే వెనకంతా సన్నటి తెల్లటి పొడి. ఎపాక్సీ తన పట్టు వదల్లేదు, గచ్చు పైపొరే ఊడి దానితో వచ్చేసింది.

ఆ పొడి ఎక్కడిది? కాంక్రీటు పోశాక నీళ్ళు పైకి తేలతాయి. వాటితో పాటు సిమెంటు నుసి కూడా పైకి వస్తుంది. అది పాల మీద మీగడలా పైన ఆరిపోతుంది. చూడ్డానికి నున్నగా ఉంటుంది కానీ దానికి బలం ఉండదు. దాని కిందే గట్టి కాంక్రీటు, అందులో కంటికి కనపడని సన్నటి రంధ్రాలు ఉంటాయి. సిమెంటు గట్టిపడటానికి దాని బరువులో సుమారు 40 శాతం నీళ్ళు సరిపోతాయి. పరవడం తేలికవుతుందని అంతకంటే ఎక్కువ పోస్తారు. ఆ మిగులు నీళ్ళు ఉన్న చోటే ఈ రంధ్రాలు మిగులుతాయి. ఎపాక్సీ వాటిలోకి దిగి గట్టిపడితే చెట్టు వేళ్ళలా పట్టుకుంటుంది. పైన మీగడ ఉంటే అక్కడిదాకా దిగలేదు.

ఇక టైరు సంగతి. రబ్బరు తిరిగేకొద్దీ నలుగుతూ వేడెక్కుతుంది. మామూలు వాతావరణంలో గట్టిపడిన చాలా ఎపాక్సీలు సుమారు 50, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలుపెడతాయి. టెక్సస్ ఎండలో హైవే దిగిన టైరు ఆ వేడిని తేలిగ్గా దాటుతుంది. అది మెత్తబడిన పూత మీద ఆగి, రాత్రంతా చల్లారుతూ ముడుచుకుంటూ, పూతని తనవైపు లాగుతుంది. అప్పుడు అడుగున పట్టు ఎంత ఉంటే అంతే.

అందుకే డబ్బా కొనేముందు గచ్చుని పరీక్షించాలి. నాలుగు నీటి చుక్కలు వేయండి. వెంటనే పీల్చుకుంటే మంచిది. ముత్యాల్లా నిలబడితే అక్కడ నూనె గానీ రంధ్రాలు మూసే పాత సీలర్ పూత గానీ ఉన్నట్టు. తర్వాత 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులన్నీ టేపుతో మూసి, కనీసం 16 గంటలు వదిలేయండి. అడుగున చెమ్మ పడితే, గచ్చు నల్లబడితే, నేలలోంచి నీటి ఆవిరి పైకి వస్తున్నట్టే. అది పూతని కింది నుంచి నెట్టి బొబ్బలు లేపుతుంది. కొత్త కాంక్రీటయితే కనీసం 28 రోజులు ఆగాలి.

మొదటిసారి నేను చేసింది యాసిడ్‌తో కడగడం. హైడ్రోక్లోరిక్ యాసిడ్ సిమెంటులోని సున్నాన్ని తినేసి పైభాగాన్ని గరుకు చేస్తుంది. కానీ నూనె మరకల కిందికి పోలేదు. సరిగ్గా కడగకపోతే మిగిలే కాల్షియం క్లోరైడ్ చెమ్మని పీలుస్తుంది. నా మటుకు నేను ఇక యాసిడ్ జోలికి పోను. డైమండ్ గ్రైండర్ అద్దెకి తెచ్చి, దానికి వాక్యూమ్ తగిలించి, మంచి మాస్కు పెట్టుకుని, గచ్చు సన్నటి గరుకు కాగితంలా తగిలేదాకా అరగదీయాలి. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు చాలా హాని చేస్తుంది. మాస్కు విషయంలో దయచేసి అశ్రద్ధ చేయకండి.

కలపడంలోనూ ఒక కెమిస్ట్రీ ఉంది. ఎపాక్సీలోని రెండు ద్రవాల్లో ఒకటి రెజిన్, రెండోది దాన్ని గట్టిపరిచే హార్డెనర్. రెజిన్ అణువులకు హార్డెనర్‌లోని అమైన్లు అనే రసాయనాలు జతకట్టి వల అల్లుతాయి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే జత దొరకని అమైన్లు మిగిలి పూత బలహీనమవుతుంది. ఈ చర్యలో వేడి పుడుతుంది. బకెట్‌లో కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక నిమిషాల్లో గడ్డకడుతుంది. కలపగానే నేల మీద పోసి పరిచేయాలి. సాయంత్రం, గచ్చు చల్లబడే వేళ మొదలుపెట్టడం మేలు. పొద్దున వేడెక్కే గచ్చులో గాలి వ్యాకోచించి పూతలో బుడగలు పొడుస్తుంది. గచ్చు ఉష్ణోగ్రత మంచుబిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉండాలి. లేకపోతే గాలిలోని తేమ, కార్బన్ డయాక్సైడ్ అమైన్లతో కలిసి పైన మైనంలాంటి జిడ్డు పొర కడతాయి.

తలుపు దగ్గర ఎండ పడేచోట ఎపాక్సీ పసుపెక్కుతుంది. అందుకని అడుగున ఎపాక్సీ వేసి, దానిపైన ఎండకి నిలిచే పాలియాస్పార్టిక్ అనే మరో రకం పూత వేయమంటాను. అది చాలా త్వరగా ఆరుతుంది కాబట్టి పక్కన ఇంకొకరు సాయం ఉండాలి. చెమ్మ వస్తున్న గచ్చుకి మాత్రం పూతే వద్దు. సిలికేట్ ద్రావణం పోస్తే అది సున్నంతో కలిసి రంధ్రాల్లోనే గట్టిపడుతుంది. మన ఊళ్ళలోని పాత రెడాక్సైడ్ గచ్చులు గుర్తున్నాయా? రంగుని సిమెంటులోనే కలిపి మెత్తేవాళ్ళు కాబట్టి రంగు పొరలా ఊడొచ్చేది కాదు.

రెండోసారి రెండు రోజులు అరగదీయడానికే పట్టింది. పూత వేశాక పది రోజులాగి, అల్మరా కింద కనపడని మూలలో ఉలి పెట్టి సుత్తితో కొట్టి ఒక ముక్క లేపాను. తిప్పి చూస్తే వెనక పొడి లేదు. విరిగిన కాంక్రీటు, ఇసుక రేణువులు, ఒక చిన్న కంకర ముక్క ఉన్నాయి.