అపోహలు - వాస్తవాలు: మేరీ లీకీ, మానవ మూలాల పరిశోధన

పాత రాతియుగపు పనిముట్లను పరిశీలించడం నా వృత్తి. కాలేజీల్లో మాట్లాడటానికి వెళ్లినప్పుడు పిల్లలు, ముఖ్యంగా అమ్మాయిలు, తూర్పు ఆఫ్రికాలో మానవ మూలాలు వెతికిన పురావస్తు శాస్త్రవేత్త మేరీ లీకీ గురించి అడుగుతుంటారు. చాలాసార్లు ఆ ప్రశ్నలోనే ఒక అపోహ దాగి ఉంటుంది. తరచూ వినేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: శాస్త్రవేత్త ఆమె భర్త లూయిస్ లీకీ. ఆమె పక్కనుండి సాయం చేశారంతే.

లూయిస్‌ను కలిసేనాటికే మేరీకి సొంత పని ఉంది. ఇంగ్లండ్‌లోని డెవన్‌లో, హెంబరీ అనే చోట డోరతీ లిడెల్ దగ్గర తవ్వకం నేర్చుకున్నారు. రాతి పనిముట్ల బొమ్మలు ఎంత బాగా గీసేవారంటే, ఈజిప్టులో తవ్వకాలు చేసిన గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ తన పుస్తకానికి ఆమె చేతే గీయించుకున్నారు. లూయిస్‌కు పరిచయం చేసింది కూడా ఆవిడే. పెళ్లి 1936లో జరిగింది.

ఆ తర్వాత లెక్క చూడండి. 1948లో విక్టోరియా సరస్సులోని రుసింగా దీవిలో ప్రోకాన్సల్ అనే ప్రాచీన వానరపు పుర్రె మేరీకి దొరికింది. 1959లో టాంజానియాలోని ఓల్డువాయ్ లోయలో, మనిషిని పోలిన ఒక ప్రాచీన జీవి పుర్రె కూడా ఆమెకే దొరికింది. లూయిస్ 1972లో చనిపోయారు. మేరీ బృందం అదే దేశంలోని లెటోలీలో మానవ పూర్వీకుల అడుగుజాడలు బయటపెట్టింది 1978లో! నా దృష్టిలో ఆ జంటలో ఊహలు, ఉపన్యాసాలు, నిధుల సేకరణ లూయిస్ వంతు. తవ్వకం, కొలతలు, రికార్డులు మేరీ వంతు. ఈ రెండో రకం పని పేపర్లలో ఫొటోగా రాదు.

అపోహ: కుక్కలతో షికారుకు వెళ్తే పుర్రె దొరికింది. అంతా అదృష్టం.

కుక్కలు వెంట ఉన్న మాట నిజమే, ఆమెకు డాల్మేషియన్లంటే ప్రాణం. 1959 జూలై 17న లూయిస్ జ్వరంతో క్యాంపులో పడుకున్నారు, మేరీ ఒక్కరే బయల్దేరారు. వెళ్లిన చోటు ఎఫ్ఎల్‌కే అనే వాగు పాయ. (ఎఫ్ఎల్‌కే అంటే ఫ్రీడా లీకీ కొరొంగో. కొరొంగో అంటే వాగు పాయ, ఫ్రీడా లూయిస్ మొదటి భార్య. ఈ రంగంలో ఇలాంటి తమాషాలు చాలా ఉన్నాయి.) వాలులో నేల కోసుకుపోయిన చోట ఒక ఎముక, పై దవడ పళ్లు ఆమె కంటపడ్డాయి.

ఆమె ఓల్డువాయ్‌లో మొదట అడుగుపెట్టింది 1935లో. ఇరవై నాలుగేళ్లుగా ఆ నేలను చూస్తున్న కళ్లు అవి. ఏది రాయి, ఏది ఎముక, ఏది ఏ పొర నుంచి జారిందో ఆమెకు తెలుసు. అదే వాలు మీద నన్నో మిమ్మల్నో నిలబెడితే తొక్కుకుంటూ వెళ్లిపోయేవాళ్లం.

అపోహ: పుర్రె దొరికితే పని అయిపోయినట్టే.

అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆ పుర్రె వందల ముక్కలుగా దొరికింది. మట్టి జల్లెడ పట్టి, ముక్కలు ఏరి, అతికించాలి. తర్వాత 1960 నుంచి నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ డబ్బుతో అక్కడ పెద్ద ఎత్తున తవ్వకం జరిగింది. పుర్రె ఉన్న పొరలోనే రెండు వేలకు పైగా రాతి పనిముట్లు, పెచ్చులు బయటపడ్డాయి. వాటితోపాటు పగలగొట్టిన జంతువుల ఎముకలు కూడా. ఏ వస్తువు ఎక్కడ ఉందో మేరీ మ్యాపు మీద గుర్తించారు. ఓల్డువాయ్ అడుగు పొరల తవ్వకాల మీద ఆమె పుస్తకం 1971లో వచ్చింది. ఆ పనిముట్లకు ఆమె చేసిన వర్గీకరణతో ఇప్పటికీ వాదులాడుకుంటున్నాం, అంటే ఇప్పటికీ అది పనికొస్తోందన్నమాట.

ఇంకొకటి. ఆ పుర్రె మన ముత్తాతది కాదు. ఇప్పుడు దాన్ని పారాంత్రోపస్ బోయిసై అంటారు. పెద్ద దవడలున్న, అంతరించిపోయిన పక్క కొమ్మ అది.

అపోహ: ఇలాంటి పుర్రెల వయసు కార్బన్ డేటింగ్‌తో (మిగిలిన కార్బన్‌ను కొలిచి) చెప్పేస్తారు.

సుమారు యాభై వేల ఏళ్లు దాటితే కార్బన్ పద్ధతి చేతులెత్తేస్తుంది. ఓల్డువాయ్‌లో ఆదుకున్నది అగ్నిపర్వత బూడిద. బూడిద ఖనిజాల్లోని పొటాషియం కాలక్రమంలో ఆర్గాన్‌గా మారుతుంది, ఆ నిష్పత్తిని కొలుస్తారు. ఆ పుర్రె వయసు ఆరు లక్షల ఏళ్లని లూయిస్ అంచనా వేశారు. 1961లో వచ్చిన ఫలితం పదిహేడున్నర లక్షల ఏళ్లు. మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో కూడా బూడిద పొరే ఆధారం. అది సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పటిది. దాని కింద, పైన కూడా రాతి పనిముట్లు దొరికాయి.

అపోహ: ముందు తెలివి పెరిగింది, తర్వాత రెండు కాళ్ల మీద లేచాం.

దీనికి గట్టి జవాబు లెటోలీ. 36 లక్షల ఏళ్లకు పూర్వం, తడిసిన బూడిద మీద ఎవరో నడిచి వెళ్లారు. సుమారు 27 మీటర్ల బాట అది. నడక దాదాపు మనలాంటిదే, మెదడు మాత్రం చిన్నది. ఆ బాటను 1979లో మళ్లీ మట్టితో కప్పారు. ఆ మట్టిలోని విత్తనాలు మొలిచి తుమ్మజాతి చెట్లు పెరిగాయి. వేళ్లు ముద్రల్లోకి దిగుతాయన్న భయంతో 1990ల్లో చెట్లు తీసి, వేళ్లు దిగకుండా ఏర్పాట్లు చేసి, బాటను మళ్లీ కప్పాల్సి వచ్చింది.

లెటోలీలో దొరికిన మానవ పూర్వీకుల ఎముకలకు పేరు పెట్టడంలో గొడవ కూడా జరిగింది. వాటినీ ఇథియోపియాలో దొరికిన ఎముకలనూ కలిపి, 1978లో ఒక వ్యాసంలో ఆస్ట్రలోపిథెకస్ అఫరెన్సిస్ అనే ఒకే జాతిగా పేరు పెట్టారు. మేరీ ఒప్పుకోలేదు, ఆ వ్యాసం నుంచి తన పేరు తీయించేశారు. ఈ విషయంలో ఎక్కువమంది ఆమెతో లేరు, నేనూ లేను. అయినా నచ్చని వాదన కింద సంతకం చేయనన్న ఆ పట్టుదల నాకు నచ్చుతుంది.

అపోహ: ఆమెకు డిగ్రీ లేదు, కాబట్టి మనకూ అక్కర్లేదు.

మొదటి సగం నిజం. కాన్వెంటు స్కూళ్ల నుంచి పంపించేశారు. ఒకసారి కారణం కెమిస్ట్రీ ల్యాబులో ఆమె కావాలని చేసిన పేలుడు! ఆక్స్‌ఫర్డ్ దారి మూసుకుపోయింది. కానీ లండన్‌లో జియాలజీ, ఆర్కియాలజీ ఉపన్యాసాలకు వెళ్లి కూర్చున్నారు. చదువు మానలేదు, పరీక్షలు రాయలేదంతే. అదే ఆక్స్‌ఫర్డ్ 1981లో గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

ఈ రోజుల్లో డిగ్రీ లేకుండా తవ్వకానికి అనుమతి దొరకదు. ఆర్కియాలజీలో ఎంఏకి పుణేలోని దక్కన్ కాలేజీ లాంటివి ఉన్నాయి. బీఎస్సీలో జియాలజీ చదివి ఉంటే మరీ మంచిది. అడ్మిషన్ వచ్చేలోగా ఒక గులకరాయి తీసుకుని, వెలుగు ఎడమవైపు పైనుంచి పడుతున్నట్టు పెన్సిల్‌తో బొమ్మ గీయడం మొదలుపెట్టండి. మేం పనిముట్లను గీసే పద్ధతి అదే.